తాళం వేసిన ఇంటికి పన్ను ఎవరికి, ఎంత, ఎందుకు?

రెండో ఇల్లుంటే ఇకమీదట పన్ను రెట్టింపు కట్టాలట అనే మాట పండక్కి ఊరొచ్చిన వాళ్ల మధ్య ఎక్కడో ఒకచోట వినబడుతుంది. ఎవరు వేస్తారు, ఏ చట్టం కింద వేస్తారు అని అడిగితే మాత్రం సరైన జవాబు రాదు. ఒకరు ఆదాయపు పన్ను అంటారు, ఇంకొకరు పంచాయతీ అంటారు, విదేశంలో పిల్లలున్న పెద్దాయన ఎవరో బ్రిటన్‌లో ఇప్పటికే వేస్తున్నారు కదా అని ముక్తాయిస్తారు. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. మూడింటినీ కలిపేయడం వల్లే చిక్కు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లకు ఇది ఊసుపోక మాట్లాడుకునే విషయం కాదు. కవిటి, కంచిలి, సోంపేట, వజ్రపుకొత్తూరు మండలాల్లో ఏ వీధిలో నడిచినా తాళాలు కనిపిస్తాయి. గల్ఫ్ డబ్బుతో లేపిన మేడలున్నాయి, హైదరాబాద్‌లో తాపీ పనికి వెళ్లిన వాళ్ల పెంకుటిళ్లున్నాయి, సైన్యంలో ఉన్నవాళ్ల డాబాలున్నాయి. అదే తీరం వెంట కిందికి దిగి పూసపాటిరేగ, భోగాపురం వైపు వస్తే అక్కడా తాళాలే. కాకపోతే అవి విశాఖ వాళ్లు శని, ఆదివారాల కోసం కట్టుకున్న గెస్ట్‌హౌసులు, తోటల్లోని ఇళ్లు, విమానాశ్రయం వస్తుందని కొని ఉంచుకున్న ఫ్లాట్లు. బయటినుంచి చూస్తే రెండు చోట్లా ఖాళీ ఇళ్లే. పన్ను దృష్టితో చూస్తే వాటి మధ్య పోలికే లేదు. ఈ వ్యాసం చెప్పదలచుకున్నది ప్రధానంగా అదే.

ముందు పన్నులు వేసేదెవరో విడదీసి చూద్దాం. ఇల్లు కొన్నప్పుడు ఒకసారి రాష్ట్రం తీసుకుంటుంది: స్టాంపు డ్యూటీ 5 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 1 శాతం, వాటితోపాటు 1.5 శాతం బదిలీ సుంకం. ఈ చివరిది స్థానిక సంస్థలకు చెందాల్సిన సొమ్ము. ఇంటి మీద వచ్చే ఆదాయంపై ఏటా కేంద్రం తీసుకుంటుంది. ఇల్లు ఉన్నందుకు ఏటా పంచాయతీయో పురపాలక సంఘమో తీసుకుంటుంది. మొదటిదానికి ఇది మీ ఎన్నో ఇల్లన్నది పట్టదు. మూడోదానికీ పట్టదు. మధ్యలో ఉన్న కేంద్రానికి మాత్రమే పడుతుంది, అదీ ఇప్పుడు చాలావరకు తగ్గింది.

ఆ సంగతి త్వరగా ముగిద్దాం. 2018-19 ఆర్థిక సంవత్సరం దాకా ఆదాయపు పన్ను చట్టం ఒక్క ఇంటినే సొంత నివాసంగా ఒప్పుకునేది. రెండో ఇల్లు ఖాళీగా ఉన్నా, అద్దెకిస్తే ఎంత వచ్చేదో లెక్కగట్టి ఆ ఊహాజనిత అద్దెను ఆదాయంలో కలిపేవారు. 2019-20 నుంచి రెండు ఇళ్లకు ఆ మినహాయింపు వచ్చింది. ఉద్యోగరీత్యా వేరేచోట ఉంటున్నందువల్లే ఈ ఇంట్లో ఉండలేకపోతున్నాం అని చూపాల్సిన షరతులను 2025 బడ్జెట్ తీసేసింది. కాబట్టి హైదరాబాద్‌లో ఒక ఫ్లాటు, పలాసలో ఒక ఇల్లు ఉన్న ఉద్యోగికి రెండింటి మీదా ఊహాజనిత అద్దె బెడద లేదు. విశాఖలో మూడోది కొంటే అప్పుడు మొదలవుతుంది. అయినా ఊళ్లోని ఇల్లు చాలామందికి ఇంకా నాన్న పేరు మీదో తాత పేరు మీదో ఉంటుంది కనుక ఈ లెక్కలోకే రాదు.

అసలు కథ పంచాయతీ దగ్గర ఉంది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం గ్రామంలోని ఇళ్లన్నిటి మీదా ఇంటి పన్ను వేయమంటుంది. వార్షిక అద్దె విలువ మీద వేయవచ్చు, మూలధన విలువ, అంటే ఆస్తి మొత్తం ధర మీద వేయవచ్చు. మరి ఇల్లంటే ఏమిటి? మనుషులు ఉండటానికి పనికివచ్చే కట్టడమో గుడిసో కావాలి, దారివైపు దానికంటూ వేరే ప్రధాన ద్వారం ఉండాలి. నివాసానికే వాడాలని లేదు, దుకాణం, గిడ్డంగి కూడా ఇల్లే. ఈ నిర్వచనంలో లేనిదేమిటో చూడండి. అందులో ఎవరైనా ఉంటున్నారా అన్న ప్రశ్న లేదు. యజమానికి ఇంకెక్కడైనా ఇల్లుందా అన్న ప్రశ్న అసలే లేదు. పన్ను ఇంటికి పడుతుంది, మనిషికి కాదు. పంచాయతీ రిజిస్టరులో అసెస్‌మెంట్ నంబరు, ఇంటి నంబరు, యజమాని పేరు, విలువ ఉంటాయి తప్ప రెండో ఇల్లా అని రాసుకునే గడి ఉండదు.

అందుకే అన్నదమ్ములు వాటాలు పంచుకుని మధ్యలో గోడ లేపి వేర్వేరు గుమ్మాలు పెట్టుకున్నారంటే పాత ఇల్లు ఒకటే అయినా అసెస్‌మెంట్లు రెండవుతాయి. ఇంకో చిత్రం కూడా ఉంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస ప్రాంతాన్ని తాకినప్పుడు ఎగిరిపోయిన కప్పుల కింద ఎన్నో ఖాళీ ఇళ్లున్నాయి. కప్పు లేని నాలుగు మొండి గోడలు మనుషులుండటానికి పనికిరావు, నిర్వచనం ప్రకారం అది ఇల్లే కాదు. కానీ రిజిస్టరులోంచి తనంతట తాను చెరిగిపోదు. యజమాని వచ్చి అర్జీ పెట్టి, కార్యదర్శి చూసి తీసేసేదాకా డిమాండు రాస్తూనే ఉంటారు, బకాయి పెరుగుతూనే ఉంటుంది.

డిమాండ్ నోటీసును ఒకసారి చేతిలోకి తీసుకుని చదివితే ఇంకొన్ని సంగతులు తెలుస్తాయి. ఇంటి పన్ను ఒక వరుస. దాని కింద గ్రంథాలయ సెస్సు, రూపాయికి 8 పైసలు. ఇది పంచాయతీది కాదు, జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాల్సింది. 1960 నాటి గ్రంథాలయాల చట్టం నుంచి వస్తోంది. ఆ తర్వాత నీరు, వీధి దీపాలు, మురుగు కాలువల పద్దులు. ఉదాహరణకు ఇంటి విలువ 4 లక్షలని, నూటికి 25 పైసల చొప్పున పన్ను అని అనుకుందాం. ఇంటి పన్ను 1,000 రూపాయలు, గ్రంథాలయ సెస్సు 80 రూపాయలు. అంటే నీరు, దీపాల పద్దులు పక్కనపెడితే ఏడాది పొడవునా తాళం వేసి ఉన్న మేడ యజమాని ఆ ఊరికి ఇచ్చేది ఆ వెయ్యే. వీధి దీపం అతని గుమ్మం ముందూ వెలుగుతుంది, కాలువ అతని గోడ పక్కనుంచీ పోతుంది.

అయినా ఎక్కడో ఉన్నవాళ్లు ఈ పన్ను కట్టడానికి ఎందుకు అంత ఆరాటపడతారు? ఊరి మీద మమకారం అని చెప్పుకోవచ్చు, అదీ అబద్ధం కాదు. కానీ గట్టి కారణం వేరే ఉంది. ఊరి నడుమ గ్రామకంఠంలో ఉన్న పాత ఇళ్లకు రిజిస్టర్డ్ దస్తావేజులు ఉండవు. తరాలుగా చేతులు మారిన ఆ ఇంటికి కాగితమంటూ ఉన్నది పన్ను రసీదే. అందులో ఎవరి పేరుంటే ఇల్లు వాళ్లదని ఊరు అనుకుంటుంది. చెన్నైలో ఉన్న అన్న కట్టకపోతే ఊళ్లో ఉన్న తమ్ముడు కడతాడు, పదేళ్ల రసీదులు తమ్ముడి పేరున పోగుపడతాయి, ఆ తర్వాత తగువు మొదలవుతుంది. న్యాయస్థానాలు మాత్రం పన్ను రసీదు యాజమాన్య హక్కుకు రుజువు కాదని పదే పదే చెప్పాయి. ఆ మాట ఊళ్లోకి ఇంకా సరిగ్గా చేరలేదు. ఒక విధంగా చేరకపోవడమే పంచాయతీకి లాభం: లేకపోతే ఈ పాటి వసూలు కూడా ఉండదు. ఇళ్ల స్థలాలకు సర్వే చేసి ఆస్తి కార్డులు ఇవ్వడం పూర్తయ్యాక వలస వెళ్లిన వాళ్లు ఇదే శ్రద్ధతో కడతారా అన్నది నాకున్న సందేహం.

ఇక పట్టణాల్లో లెక్క పూర్తిగా వేరు. 2020లో పురపాలక చట్టాలను సవరించి 2021 ఏప్రిల్ నుంచి ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు మార్చారు. కొవిడ్ ఏడాదిలో రాష్ట్రాలకు అదనపు అప్పు ఇవ్వడానికి కేంద్రం పెట్టిన షరతుల్లో ఆస్తి పన్నును మార్కెట్ విలువతో ముడిపెట్టడం ఒకటి. దాన్ని ముందుగా పూర్తిచేసిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉంది. నివాసాలకు విలువలో 0.10 నుంచి 0.50 శాతం, నివాసేతర కట్టడాలకు 0.20 నుంచి 2 శాతం. ఈ హద్దుల్లో ఏ ఊరికా ఊరు రేటు ఖరారు చేసుకుంటుంది. పాత పన్నుతో పోలిస్తే ఏడాదికి 15 శాతానికి మించి పెరగకుండా పరిమితి పెట్టారు. కాబట్టి బొబ్బిలిలోనో ఇచ్ఛాపురంలోనో పన్ను ఏటా కాస్త కాస్త పెరుగుతోందంటే రెండో ఇల్లని వేసిన జరిమానా కాదు. కొత్త విలువ మీద పడాల్సిన పూర్తి పన్నుకు చేరడానికి ఎక్కాల్సిన మెట్లు ఇంకా ఉన్నాయని అర్థం.

అదే పురపాలక చట్టంలో, రెట్టింపు పన్ను పుకారుకు పూర్తిగా ఎదురుగా నిలిచే నిబంధన ఒకటుంది. చాలామంది ఇళ్ల యజమానులకే తెలియదు. ఇల్లు ఖాళీగా ఉంటే, అద్దెకు ఇవ్వకుండా ఉంటే, ఆ సంగతి ముందుగా పురపాలక సంఘానికి తెలియజేస్తే ఆ అర్ధ సంవత్సరపు పన్నులో కట్టడానికి సంబంధించిన భాగంలో సగం దాకా తగ్గించవచ్చు. ఖాళీ ఇంటి రాయితీ అది. మనది మద్రాసు రాష్ట్రపు పాత చట్టం పోలికలతో పుట్టిన చట్టం. పన్ను అద్దె మీద లెక్కగట్టే రోజుల్లో ఆ రాయితీ సబబే: అద్దె రాని ఇంటికి అద్దె విలువ మీద పూర్తి పన్ను ఏమి న్యాయం? ఇప్పుడు లెక్క విలువ మీదకు మారింది. ఇంట్లో మనుషులున్నా లేకపోయినా ఇంటి విలువ ఒకటే. పునాది మారినా రాయితీ మాత్రం అలాగే ఉండిపోయింది. శాసనసభలో దీని మీద గట్టి చర్చ జరిగితే బాగుండేది.

సరే, బ్రిటన్ సంగతి. పెద్దాయన చెప్పింది నిజమే. వేల్స్‌లో 2014 గృహనిర్మాణ చట్టం స్థానిక కౌన్సిళ్లకు రెండో ఇళ్ల మీద అదనపు పన్ను వేసే అధికారమిచ్చింది. 2017 ఏప్రిల్ నుంచి నూరు శాతం దాకా, 2023 ఏప్రిల్ నుంచి 300 శాతం దాకా వేయవచ్చు. 300 శాతం అదనం అంటే మొత్తం నాలుగు రెట్లు. గ్వినెత్ కౌన్సిల్ 2023లో 150 శాతం వేసింది. పెంబ్రోక్‌షైర్ 2024లో 200 శాతం దాకా వెళ్లి మరుసటి ఏడాది 150కి దిగింది. స్కాట్లాండ్ 2024 ఏప్రిల్ నుంచి, ఇంగ్లండ్ 2025 ఏప్రిల్ నుంచి నూరు శాతం దాకా అనుమతిస్తున్నాయి. ఎందుకింత కోపం? సముద్రపు ఒడ్డున ఉన్న చిన్న ఊళ్లలో ఇళ్లను నగరాల వాళ్లు సెలవుల కోసం కొనేసుకుంటారు, ధరలు పెరుగుతాయి, ఆ ఊళ్లో పుట్టిన పిల్లలు అక్కడ ఇల్లు కొనలేక వెళ్లిపోతారు. గ్వినెత్‌లోని అబర్సోక్ అనే తీర గ్రామంలో పిల్లలు లేక 2021 చివర బడి మూతపడింది.

పిల్లలు లేక మూతపడ్డ బడులు మనకూ తెలుసు. కానీ మన దగ్గర కారణం తలకిందులు. అబర్సోక్‌లో బయటివాళ్లు వచ్చి ఇళ్లు కొనడం వల్ల ఊరు ఖాళీ అయింది. కవిటి, సోంపేట మండలాలుండే ఉద్దానం ప్రాంతంలో ఊరివాళ్లే పని కోసం వెళ్లిపోవడం వల్ల ఇళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడ ఖాళీ ఇల్లు అమ్మకానికి పెడితే రేపు కొనేవాడు సిద్ధం. ఇక్కడ సోంపేట లోపలి ఊళ్లో మేడను అమ్మకానికి పెడితే అడిగే నాథుడు ఉండడు. ఇల్లు అమ్మించి ఊళ్లో వాళ్లకు దక్కేలా చేయడం వేల్స్ పన్ను ఉద్దేశం. కొనేవాళ్లు లేని చోట అదే పన్ను వేస్తే యజమాని అమ్మడు, కట్టడం మానేస్తాడు. బకాయిల పట్టీ పొడవవుతుంది, అంతే.

ఇంకో ఉదాహరణ చూడండి, అది మరీ కఠినం. గార, ఎచ్చెర్ల మండలాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్లి అక్కడి పడవల మీద పనిచేస్తారు. 2018లో పాకిస్తాన్ అధికారులు పట్టుకుని జైల్లో పెట్టింది అలా వెళ్లిన వాళ్లనే. పడమటి తీరంలో జూన్, జూలై నెలల్లో వేట నిషేధం కనుక ఆ రోజుల్లో ఇళ్లకు వస్తారు, ఆగస్టు వచ్చాక మళ్లీ బయలుదేరతారు. ఇంటిల్లిపాదీ వెళ్లినచోట ఏడాదిలో ఎక్కువ కాలం తలుపుకు తాళమే. ఎన్ని రోజులు ఉన్నారన్న కొలబద్ద పెడితే అది సెలవుల ఇల్లు లెక్కలోకి పోతుంది. నిజానికి వాళ్లకున్నది ఆ ఒక్క ఇల్లే. సైనికుడి ఇల్లూ అంతే. 2025 మేలో రాష్ట్ర ప్రభుత్వం గ్రామ పంచాయతీల పరిధిలో సాయుధ దళాల సిబ్బంది ఇళ్లకు ఆస్తి పన్ను మినహాయింపు ప్రకటించింది. సైన్యానికి ఎక్కువమందిని పంపే ఈ జిల్లాల్లో అది గట్టిగా తెలుస్తుంది. మంచిదే, కాకపోతే ఆ మేరకు పంచాయతీకి తగ్గిన రాబడిని ఎవరు పూడుస్తారన్నది కూడా అడగాల్సిన ప్రశ్న.

ఎందుకంటే పంచాయతీకి వచ్చే సొమ్ములో పెద్ద భాగం ఆర్థిక సంఘం నిధులు, వాటిలో జనాభాకే పెద్దపీట. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి స్థానిక సంస్థల నిధులను రాష్ట్రాల మధ్య పంచడానికి 2011 జనాభాకు 90 శాతం, విస్తీర్ణానికి 10 శాతం ప్రాధాన్యమిచ్చింది. 2027 జనగణనలో వలస వెళ్లినవాళ్లు హైదరాబాద్‌లోనో చెన్నైలోనో లెక్కకొస్తారు. తలలు తగ్గితే జనాభా మీద వచ్చే వాటా తగ్గుతుంది. వీధులు, కాలువలు, నీళ్ల ట్యాంకు తగ్గవు. తలల లెక్కన వచ్చే డబ్బు తగ్గే ఊరికి కప్పుల లెక్కన వచ్చే ఇంటి పన్నే దిక్కు. అందుకే తాళం వేసిన ఇళ్ల పన్నును పూర్తిగా మాఫీ చేయాలనే వాదన నాకు నచ్చదు. రెట్టింపు చేయాలనే వాదన ఎంత తప్పో అదీ అంతే తప్పు.

ఇప్పుడు భోగాపురం వైపు వద్దాం. ఇక్కడ వేల్స్ తర్కం కొంత పనిచేస్తుంది. భూమి విలువ బయటివాళ్ల డబ్బుతో పెరుగుతోంది, ఒడ్డున ఉన్న మత్స్యకార గ్రామంలో వేరు కాపురం పెట్టిన కొడుక్కి ఇంటి జాగా దొరకడం కష్టమవుతోంది. కానీ ఇక్కడ కూడా మొదటి సమస్య పన్ను రేటు కాదు, ఇంటిని ఏ పద్దులో రాశారన్నది. తీరం వెంట ఈత కొలను, నాలుగు గదులు, కాపలా మనిషి ఉన్న ఇల్లు రిజిస్టరులో నివాసం. ఫోనులో చూస్తే రాత్రికి ఇంత అని అద్దెకు దొరుకుతుంది. కరెంటు మీటరు గృహ వినియోగపు కేటగిరీ-1లోనే ఉంటుంది. అలాంటి ఇంటిని నివాసేతర కట్టడంగా మదింపు చేస్తే పన్ను ఎన్ని రెట్లు పెరుగుతుందో పైన చెప్పిన పట్టణ రేట్లు చూస్తే ఊహకు అందుతుంది. కొత్త చట్టం అక్కర్లేదు, కార్యదర్శి వెళ్లి చూస్తే చాలు.

వేల్స్‌లో ఇదే ఆట ఎదురువైపు నుంచి ఆడారు. రెండో ఇంటి పన్ను తప్పించుకోవడానికి యజమానులు అది సెలవుల వ్యాపారమని నమోదు చేయించుకునేవారు. చిన్న వ్యాపారాల రాయితీ కింద అసలేమీ కట్టకుండా బయటపడేవారు. అందుకే 2023 ఏప్రిల్ నుంచి నిబంధన బిగించారు: ఏడాదిలో 252 రోజులు అద్దెకు సిద్ధంగా ఉంచాలి, 182 రోజులు నిజంగా అద్దెకు పోవాలి. అంతకుముందు 70 రోజులు పోతే చాలేది. అక్కడ ఇంటిని వ్యాపారమంటారు, ఇక్కడ వ్యాపారాన్ని ఇల్లంటారు. ఎటు తక్కువ పడితే అటు.

రిసార్టు గది అద్దె మీద కట్టే జీఎస్టీ ఉంది కదా అనవచ్చు. అది కేంద్రానికి, రాష్ట్రానికి పోతుంది, పక్కనున్న పంచాయతీకి నేరుగా చేరేది ఏమీ లేదు. సందర్శకులు వదిలిన చెత్త ఎత్తేది మాత్రం పంచాయతీయే. పంచాయతీకి మిగిలేవి ఇంటి పన్ను, వ్యాపార లైసెన్సు ఫీజు, ఇల్లు చేతులు మారినప్పుడు బదిలీ సుంకంలో వాటా. చివరిది ఒక్కసారి వచ్చి ఆగిపోతుంది. తీర నియంత్రణ మండలి నిబంధనలను ఉల్లంఘించి ఒడ్డుకు మరీ దగ్గరగా కట్టిన వాటి సంగతి వేరు. పన్ను వేసినంత మాత్రాన అక్రమ కట్టడం సక్రమం కాదు. పన్ను కడుతున్నాం కదా అని వాదించే యజమానులకు ఈ మాట గుర్తుచేయాలి.

పోనీ ఒక పంచాయతీ పాలకవర్గం పూనుకుని సెలవుల ఇళ్లకు అదనపు పన్ను అని తీర్మానం చేస్తే? చెల్లదు. రాజ్యాంగం 243-హెచ్ అధికరణ ప్రకారం రాష్ట్ర శాసనసభ ఏ పన్నుకు అధికారమిస్తే పంచాయతీ ఆ పన్నే వేయగలదు, అదీ నిర్ణయించిన హద్దుల్లో. పట్టణాలకు 243-ఎక్స్ అదే చెబుతుంది. వేల్స్ కౌన్సిళ్లకూ పై చట్టం అనుమతిచ్చాకే ఆ అధికారం వచ్చింది. అయితే అక్కడ ఎంత శాతం వేయాలో ఎన్నికైన కౌన్సిలర్లు సభలో తగువులాడి తేల్చుకున్నారు. శ్రీకాకుళం నగరపాలక సంస్థ చాలాకాలం ఎన్నికైన పాలకవర్గమే లేకుండా ప్రత్యేకాధికారి చేతిలో నడిచింది. పన్ను మీద వాదించడానికి మనిషే లేనప్పుడు రేటు గురించి మాట్లాడి ఏం లాభం?

నన్నడిగితే తాళాన్ని చూసి పన్ను వేయకూడదు, తగ్గించకూడదు. పట్టణాల్లో ఖాళీ ఇంటి రాయితీని రెండు మూడు అర్ధ సంవత్సరాలకు పరిమితం చేయాలి. ఇల్లు అమ్ముడుపోక, అద్దెకు పోక ఇబ్బందిపడే వాళ్లకు అది చాలు. రోజువారీ అద్దెకు ఇచ్చే తీరపు ఇళ్లను నివాసేతర పద్దులోకి మార్చాలి. అలా వచ్చే అదనపు రాబడిని ఆ పంచాయతీలోనే పారిశుద్ధ్యానికి వాడాలి. ఉద్దానం ఊళ్లలో కూలిపోయిన ఇళ్లను రిజిస్టరు నుంచి తీసేస్తే బకాయిల పట్టీ నిజమైన అంకె చూపిస్తుంది.

దూరాన ఉన్న యజమానులకు రెండు పనికొచ్చే సంగతులు. పట్టణంలో ఏడాది పన్ను ఏప్రిల్ 30 లోపు మొత్తంగా కడితే 5 శాతం రాయితీ ఇస్తున్నారు. ఆలస్యం చేస్తే నెలకు 2 శాతం వడ్డీ, అంటే ఏడాదికి 24. అప్పుడప్పుడూ ప్రభుత్వం వడ్డీ మాఫీ ప్రకటిస్తుంది కదా అని ఎదురుచూసేవాళ్లు ఉన్నారు. సకాలంలో కట్టినవాడిని వెర్రివాడిని చేసే ఆ అలవాటును ముందు ప్రభుత్వమే మానుకోవాలి. ఇక పంచాయతీలో ఇల్లు ఇంకా తాత పేరుమీదే ఉంటే, ఈసారి ఊరెళ్లినప్పుడు మరణ ధ్రువపత్రం, వారసుల ధ్రువపత్రం పట్టుకుని సచివాలయానికి వెళ్లి పేరు మార్పించుకోండి. అన్నదమ్ములు నలుగురూ ఊళ్లో ఉన్న రోజైతే సంతకాలకు మళ్లీ తిరగాల్సిన పని ఉండదు.